మీడియా కోర్సు కోసం హారర్ ఫిల్మ్: తీయడం ఎలా, ఇవాల్యుయేషన్ రాయడం ఎలా

మీడియా కోర్సులో హారర్ ఎంచుకున్న విద్యార్థులు నన్ను పదే పదే అడిగేవి రెండే ప్రశ్నలు. "భయపడాల్సిన చోట అందరూ నవ్వుతున్నారు, ఏం చేయాలి?" అనేది మొదటిది. "ఫిల్మ్ బాగానే వచ్చింది కానీ ఇవాల్యుయేషన్‌లో మార్కులు పోయాయి, ఎందుకు?" అనేది రెండోది. ఇవాల్యుయేషన్ అంటే మీ ఫిల్మ్‌ను మీరే విశ్లేషించి రాసే భాగం. రెండింటికీ మూలం ఒకటే. ఏ భయం చూపించాలో తేల్చుకోకుండానే కెమెరా చేతిలోకి తీసుకుంటున్నారు. అప్పుడు ఏ షాట్ ఎందుకు పెట్టారో తీసినవాళ్లకే తెలియదు. తెలియని కారణాన్ని చివర్లో కూర్చుని రాయాలంటే ఎవరికైనా కష్టమే.

అందుకే ఫిల్మ్ తీయడం, దాన్ని విశ్లేషించుకోవడం రెండూ కలిపి చెప్తున్నాను. ముగ్గురు నలుగురి టీమ్, మూడు నుంచి ఐదు నిమిషాల ఫిల్మ్ అనుకుని రాశాను. మీ కోర్సులో ఓపెనింగ్ సీన్ మాత్రమే అడిగితే పద్ధతి ఇదే. కథను ముగించకుండా ఒక ప్రశ్న దగ్గర వదిలేయండి.

కావలసినవి

- ఎక్స్‌పోజర్ (బొమ్మలో వెలుగు ఎంత అన్నది), ఫోకస్ వాటంతట అవే మారకుండా లాక్ చేయగలిగే ఫోన్ లేదా కెమెరా
- ట్రైపాడ్
- మాటలు రికార్డు చేయడానికి కాలర్ మైక్, లేదా రెండో ఫోన్
- చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్
- ఒక టేబుల్ ల్యాంప్, రెండు టార్చ్‌లైట్లు, కిటికీలు మూయడానికి ముదురు రంగు దుప్పట్లు
- ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. పాత కంప్యూటర్ దాన్ని మోయలేకపోతే ఫోన్‌లోనే ఎడిట్ చేయండి
- ఒక నోట్‌బుక్

చేతిలో ఉన్న డబ్బుతో ఒక్కటే కొనగలిగితే మైక్ కొనండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా హారర్‌లో చెల్లిపోతుంది, మాట వినపడకపోతే మాత్రం ప్రేక్షకుడు కథలోంచి బయటికి వచ్చేస్తాడు. ఇక నోట్‌బుక్ ఎందుకని చాలామంది వదిలేస్తారు. ఇవాల్యుయేషన్ మార్కులన్నీ అందులోనే ఉంటాయి. ఏదైనా నిర్ణయం తీసుకున్న ప్రతిసారీ తేదీ వేసి రెండు వాక్యాలు రాయండి: ఏం చేశారు, ఎందుకు చేశారు.

1. భయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"దెయ్యం ఉన్న ఇల్లు" అనేది భయం కాదు, అది చోటు. "ముసుగు వేసుకున్న హంతకుడు" కూడా అంతే, అది పాత్ర. భయం అంటే మనిషికి ఏది చేజారిపోతోంది అన్నది.

ఉదాహరణకు ఈ కథ చూడండి. ఒకమ్మాయి పరీక్ష కోసం పాఠం పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుంటుంది, రాత్రి పడుకునే ముందు వింటుంది. పాఠం మధ్యలో తాను చదవని వాక్యం ఒకటి తన గొంతులోనే వినిపిస్తుంది. మళ్లీ రికార్డు చేస్తుంది. ఈసారి నోరు విప్పకుండా ఒక నిమిషం ఊరికే కూర్చుంటుంది. ప్లే చేస్తే ఆ నిశ్శబ్దంలో తన గొంతు మాట్లాడుతోంది. ఇక్కడ భయం ఒక్క వాక్యంలో: "నా గొంతు నా చేతిలో లేదు." ఒక గది, ఒక నటి, ఒక ఫోన్. మేకప్ లేదు, నెత్తురు లేదు. ఈ ఉదాహరణనే చివరిదాకా వాడుకుందాం.

సరిచూసుకోవడం ఇలా: మీ వాక్యం టీమ్‌లో లేని ఒకరికి చెప్పండి. వాళ్లు "తర్వాత ఏమైంది?" అని అడిగితే కథ పనిచేస్తోంది. "ఓ, బాగుంది" అని ఊరుకుంటే ఇంకొకటి ఆలోచించండి.

2. కెమెరా కంటే ముందు చెవులతో పరీక్షించండి

ఇది ఎవరూ చేయరు, కానీ దయచేసి చేయండి. స్క్రిప్ట్ రాయగానే దాన్ని ధ్వనిగా మాత్రమే ఫోన్‌లో రికార్డు చేయండి. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, ఊపిరి, మాటలు, మధ్యలో వదిలే నిశ్శబ్దం, అన్నీ. దీపం ఆర్పి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. బొమ్మ లేకుండానే ఒళ్లు జలదరిస్తే షూటింగ్‌కు వెళ్లండి. ఏమీ అనిపించకపోతే లోపం స్క్రిప్ట్‌లోనే ఉంది. ఈ దశలో దిద్దుకోవడానికి ఒక సాయంత్రం చాలు, షూటింగ్ అయ్యాక తెలిస్తే వారం పోతుంది.

స్క్రిప్ట్ పేజీకి సుమారు ఒక నిమిషం వస్తుందన్నది వాడుకలో ఉన్న లెక్క. హారర్‌లో మాటలు తక్కువ, ఆగడాలు ఎక్కువ కాబట్టి పేజీ నిమిషం దాటుతుంది. నాలుగు నిమిషాల ఫిల్మ్‌కు మూడు పేజీలు దాటనివ్వకండి.

3. షాట్ లిస్ట్

ప్రతి షాట్ పక్కన మూడు విషయాలు రాయండి: ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, ప్రేక్షకుడికి ఏం తెలియదు. మూడో గడే హారర్‌కు ప్రాణం. అది ఖాళీగా ఉన్న షాట్ తీసేసినా నష్టం లేకపోవచ్చు. స్టోరీబోర్డ్‌కు (షాట్లను వరసగా బొమ్మల్లో చూపించే కాగితం) బొమ్మలు గీయడం రాకపోతే లొకేషన్‌లో ఫోన్‌తో ఫోటోలు తీసి వరసగా పెట్టండి, అదీ సరిపోతుంది.

4. అనుమతులు, జాగ్రత్తలు

లొకేషన్ యజమాని దగ్గర, నటుల దగ్గర సంతకంతో అనుమతి తీసుకోండి. నటుడు మైనరైతే తల్లిదండ్రుల సంతకం కావాలి. ఉత్తుత్తి కత్తి, తుపాకి లాంటివి బయట వాడకండి. చూసినవాళ్లు నిజమనుకుంటే పరిస్థితి చేయిదాటిపోతుంది. ఇంట్లో అరుపుల సీన్ ఉంటే ఇరుగుపొరుగుకు ముందే చెప్పండి.

లైటు టకటకా వెలిగి ఆరే ఎఫెక్ట్ పెట్టాలనుకుంటే సెకనుకు మూడు మెరుపులు దాటనివ్వకండి. వేగంగా మెరిసే వెలుగు కొందరిలో మూర్ఛ తెప్పించగలదు. నెమ్మదిగా మెరిసినా సరే, ఫిల్మ్ మొదట్లో హెచ్చరిక వేయండి.

5. చీకటిని వెలుగుతో తయారు చేయండి

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. రాత్రి సీన్ కదా అని లైట్లన్నీ ఆర్పేసి తీస్తారు. అప్పుడు కెమెరా తనంతట తానే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) పెంచేస్తుంది, నలుపంతా గింజలు గింజలుగా బూడిద రంగులోకి వస్తుంది. చీకటి కనిపించాలంటే దాని పక్కన కొంచెం వెలుగు ఉండాలి.

మన కథలో ఆ వెలుగు టేబుల్ ల్యాంపే. దాన్ని అమ్మాయికి ఒక పక్కన పెట్టండి, ముఖంలో సగమే వెలగాలి. వెనక గోడ మీదికి ఒక టార్చ్‌ను గోడవైపు తిప్పి చాలా సన్నగా పడనివ్వండి. లేకపోతే తల వెంట్రుకలు నలుపులో కలిసిపోయి ముఖం గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. మీకు కావలసింది అదే అయితే టార్చ్ తీసేయండి, కానీ కావాలని తీశామని నోట్‌బుక్‌లో రాయండి. టార్చ్‌ను గడ్డం కింద నుంచి వేయడం మాత్రం వద్దంటాను. అందరూ చిన్నప్పుడు ఆడుకున్న ఆట అది, చూడగానే నవ్వొస్తుంది.

సెట్టింగులు: ఐఎస్ఓ వీలైనంత తక్కువగా లాక్ చేయండి, వైట్ బ్యాలెన్స్ (బొమ్మ పసుపుగా రావాలా నీలంగా రావాలా అన్నది తేల్చే సెట్టింగ్) ఆటోలో వదలకండి. మీ దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ అయితే సెకనుకు 25 ఫ్రేములు, షటర్ వేగం సెకనులో 1/50 వంతు పెట్టండి. 60 హెర్ట్జ్ అయితే 30 ఫ్రేములు, 1/60. ఇది తప్పితే కొన్ని బల్బుల కింద ఫ్రేములో చారలు కదులుతాయి.

రాత్రి షూట్ చేయడం కుదరకపోతే పగలే తీసి రాత్రిలా చూపించవచ్చు. ఆకాశం ఫ్రేములోకి రానివ్వకండి. సూర్యుడు నటుడి వెనక ఉండాలి, అది వెన్నెలలా కనిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ పెట్టి, ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు తగ్గించండి (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). నీడలు నీలంగా వస్తాయి.

6. షూటింగ్ రోజు

ముందు వైడ్ షాట్లు, తర్వాత క్లోజప్‌లు తీయండి. ప్రతి టేక్ మొదట్లో, చివర్లో ఐదేసి సెకన్లు ఎక్కువ నడవనివ్వండి. "కట్" అని తొందరగా అరిచిన షాట్‌ను ఎడిటింగ్‌లో సాగదీయడం కుదరదు. భయం ఆ సాగదీతలోనే పుడుతుంది.

నటన గురించి ఒక్కమాట. "భయపడు" అని చెప్పకండి. అలా చెప్తే కళ్లు పెద్దవి చేసి చేయి నోటికి అడ్డం పెట్టుకుంటారు, హాల్లో నవ్వులు మొదలవుతాయి. చేయాల్సిన పని చెప్పండి: "ఇయర్‌ఫోన్ తీసి అటూ ఇటూ చూసి, మళ్లీ పెట్టుకో. తప్పు విన్నానేమో అనుకో." భయాన్ని దాచుకోవడానికి ప్రయత్నించే మనిషిని చూస్తేనే మనకు భయం.

కెమెరా ఊరికే ఊపితే టెన్షన్ రాదు. కదలని ఫ్రేములో వెనక తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. ఆ తలుపులోంచి ఎవరూ రాకపోయినా ప్రేక్షకుడి కన్ను అక్కడే ఉంటుంది.

నెత్తురు తప్పనిసరైతే చక్కెర పాకంలో ఎర్రటి తినే రంగు, చిటికెడు కోకో పొడి కలపండి. కోకో లేకపోతే గులాబీ రంగులోకి వెళ్తుంది. గుడ్డకు మరక పడితే పోదు, కాబట్టి ఆ షాట్ ఆఖర్న తీయండి.

7. రూమ్ టోన్ మరిచిపోకండి

నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో నేను చేసిన తప్పు ఇది. సగం షాట్లు ఫ్రిజ్ నడుస్తుండగా తీశాం, సగం ఆగినప్పుడు తీశాం. ఎడిట్ చేస్తే ప్రతి కట్ దగ్గర ఆ గుయ్‌మనే చప్పుడు వస్తూ పోతూ ఉంది. నిశ్శబ్దమే ప్రాణమైన సీన్ అది, మొత్తం పాడైపోయింది. ఫ్యాను, ఫ్రిజ్, గడియారం ఆపేసి మొదలుపెట్టండి. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకుండా ఉండాలంటే ఇంటికెళ్లడానికి కావలసిన తాళాలు అందులో పెట్టండి. సౌండ్ రికార్డిస్టులు చాలాకాలంగా వాడే ఉపాయం ఇది.

షూట్ అయ్యాక ఎవరూ కదలకుండా ఆ గది శబ్దాన్ని కనీసం ఒక నిమిషం రికార్డు చేయండి. అదే రూమ్ టోన్. ఎడిటింగ్‌లో కట్‌ల కింద పరిచేది దీన్నే. మిగతా చప్పుళ్లు తర్వాత ఇంట్లో చేసుకోవచ్చు. క్యారెట్ విరిస్తే ఎముక విరిగినట్టు ఉంటుంది, తోలు బ్యాగును మెలితిప్పితే కిర్రుమంటుంది. అమ్మాయి గొంతునే రికార్డు చేసి వేగం 5 శాతం తగ్గించి చూడండి. గుర్తుపట్టగలం, కానీ ఏదో తేడా. మన కథకు కావలసింది సరిగ్గా అదే తేడా.

8. ఎడిటింగ్

ముందు సంగీతం లేకుండా రఫ్ కట్ (షాట్లను వరసగా పేర్చిన మొదటి కూర్పు) చేయండి. సంగీతం వేశాక ప్రతి సీనూ బాగున్నట్టే అనిపిస్తుంది, లోపాలు దాగిపోతాయి. సంగీతం లేకుండా నిలబడిన సీనే నిజంగా నిలబడినట్టు.

జంప్ స్కేర్ (ప్రేక్షకుడు హఠాత్తుగా ఉలిక్కిపడేలా చేసే దెబ్బ) ఒక్కటి చాలు, రెండు దాటితే ప్రేక్షకుడు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. అది పనిచేయాలంటే ముందు శబ్దం తగ్గాలి. అమ్మాయి ఊపిరి, రూమ్ టోన్ తప్ప మిగతావన్నీ మూడు నాలుగు సెకన్లు తీసేయండి. ప్రేక్షకుడు "ఇప్పుడు" అనుకున్న చోట ఏమీ జరగనివ్వకండి. అతను ఊపిరి వదిలాక ఆ దెబ్బ కొట్టండి. 1942 నాటి క్యాట్ పీపుల్ సినిమాలో రాత్రి ఒంటరిగా నడుస్తున్న స్త్రీని ఏదో వెంటాడుతోందని మనం బిగుసుకుపోయి ఉండగా బుస్సుమంటూ వచ్చి ఆగేది బస్సు మాత్రమే. ఉలిక్కిపడేలా చేసింది మృగం కాదు, శబ్దం. ఈ పద్ధతికి ఆ సినిమా నిర్మాత వాల్ లూటన్ పేరు మీదే లూటన్ బస్ అని పేరు పడింది.

మాటల్లో గట్టిగా వినిపించే చోట్లు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సౌండ్ మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచండి, అన్నిటికంటే పెద్ద చప్పుడు మైనస్ 3 దాటకూడదు. మధ్యలో ఉన్న ఆ తేడాయే మీ దెబ్బ బలం. అన్నీ గట్టిగా పెట్టేస్తే పెంచడానికి ఇక చోటుండదు.

ఇంకో తప్పు: హెడ్‌ఫోన్స్‌లో గుండె అదిరేలా వినిపించిన లోతైన గుంయ్ శబ్దం క్లాసులో ల్యాప్‌టాప్ మీద పెడితే అసలు వినపడదు. చిన్న స్పీకర్లు 100 హెర్ట్జ్ కింది శబ్దాలను దాదాపు పలికించలేవు. దానిమీద 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఉండే ఇంకో పొర కలపండి.

సంగీతం డౌన్‌లోడ్ చేస్తే లైసెన్స్ చదవండి. క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో ముందే అనుమతి ఇచ్చే లైసెన్స్) అని ఉంటే చాలని అనుకోవద్దు. అందులో "నో డెరివేటివ్స్" రకం పాటను వీడియోకు జత చేయకూడదు, ఎందుకంటే అలా జత చేయడం మార్పు కిందికే వస్తుంది. పేరు ఇవ్వమని అడిగే రకమైతే ఎండ్ క్రెడిట్స్‌లో తప్పక వేయండి.

9. టెస్ట్ స్క్రీనింగ్

కనీసం ఐదుగురికి చూపించండి. టీమ్ వాళ్లు వద్దు, కథ తెలిసినవాళ్లు వద్దు. ముందు ఏమీ వివరించకండి. వాళ్లు ఫిల్మ్ చూస్తున్నప్పుడు మీరు వాళ్లను చూడండి. ఒప్పుకుంటే వాళ్ల ముఖాలు వీడియో తీయండి, తర్వాత ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తే ఏ సెకనులో ఎవరు ఫోన్ వైపు చూశారో, ఎవరు కదలకుండా ఉండిపోయారో తెలిసిపోతుంది.

"భయమేసిందా?" అని అడగకండి. స్నేహితులు అవుననే అంటారు. ఇవి అడగండి:

- కథ ఏమిటో నాకు చెప్పండి.
- ఏం జరుగుతుందో ఎక్కడ ముందే ఊహించారు?
- ఎక్కడ అర్థం కాలేదు?
- మాట వినపడని చోటు ఏదైనా ఉందా?

జవాబులు సమయంతో సహా రాసుకోండి. ఐదుగురిలో ముగ్గురు ఒకే చోటు చూపిస్తే అక్కడ మార్చాల్సిందే, మీకు ఎంత ఇష్టమైన షాట్ అయినా సరే. ఒక్కరే చెప్తే ఆలోచించండి, తొందరపడకండి. నవ్వు వస్తే కుంగిపోవద్దు. నవ్వుకు ముందు షాట్ చూడండి. చాలాసార్లు ఆ షాట్ మరీ పొడుగ్గా ఉంటుంది, లేదా దెయ్యం పూర్తిగా కనిపించేస్తుంది. ఒకటి రెండు సెకన్లు కోసి చూడండి. మార్చాక ఫిల్మ్‌ను కొత్త ఇద్దరికి చూపించండి, పాతవాళ్లకు కాదు.

10. ఇవాల్యుయేషన్ రాయడం

మార్కులు పోయేది "ఏం చేశాం" అని మాత్రమే రాసినందుకు. రెండు వాక్యాలు పక్కపక్కన చూడండి.

బలహీనమైనది: "టెన్షన్ పెంచడానికి లో-కీ లైటింగ్, క్లోజప్‌లు వాడాం." (లో-కీ అంటే వెలుగు తక్కువ, నీడలు ఎక్కువ ఉండే లైటింగ్.)

బలమైనది: "1:42 దగ్గర ల్యాంప్ వెలుగు ముఖంలో సగమే పడేలా పెట్టాం, ఎందుకంటే తన గొంతు తనది కాదనే అనుమానం ఆమెలో అప్పుడే మొదలవుతుంది. చూసిన ఐదుగురిలో నలుగురు ఆ షాట్ దగ్గర కదల్లేదు. ఒకరు మాత్రం రెండో గొంతు వేరే అమ్మాయిదనుకున్నారు, అందుకని వేగం మార్పును 10 శాతం నుంచి 5 శాతానికి తగ్గించాం."

రెండోదానిలో నాలుగు ఉన్నాయి: సమయం, నిర్ణయం, కారణం, ఫలితం. ప్రతి పేరాలో ఈ నాలుగూ ఉన్నాయో లేదో పెన్సిల్‌తో గుర్తు పెట్టి చూసుకోండి. ఏ ఒక్కటి లేకపోయినా నోట్‌బుక్ తిరగేయండి. షాట్ స్క్రీన్‌షాట్ కూడా పక్కన పెట్టండి.

సిద్ధాంతం అవసరమైనంతే వాడండి. కథ మామూలు స్థితి, దానికి భంగం, కొత్త స్థితి అనే వరసలో నడిచిందా అన్నది కథల నిర్మాణాన్ని విశ్లేషించిన సిద్ధాంతకర్త టొడొరొవ్ చెప్పిన పద్ధతితో చూడవచ్చు. ఆఖరిదాకా బతికి నిలిచే అమ్మాయి మీ కథలో ఉంటే హారర్ సినిమాలపై రాసిన పరిశోధకురాలు కారల్ క్లోవర్ 1987లో ప్రతిపాదించిన "ఫైనల్ గర్ల్" ఆలోచన పనికొస్తుంది. పేరు రాసి వదిలేయకండి. మీ ఫిల్మ్ దానికి ఎక్కడ సరిపోయింది, ఎక్కడ తప్పుకుంది అన్నదే జవాబు. మన కథలో అమ్మాయి గెలవదు, పారిపోదు, రికార్డింగ్ మళ్లీ వింటూ ఉండగానే ఫిల్మ్ ఆగిపోతుంది. ఆ తేడా గురించి రాయాలి.

పాత్రలను ఎలా చూపించారో నిజాయితీగా ప్రశ్నించుకోండి. మానసిక అనారోగ్యం ఉన్న మనిషినో, ముఖం మీద మచ్చలున్న మనిషినో దుర్మార్గుడిగా చూపించారా? స్త్రీ పాత్రకు అరవడం తప్ప పనేమైనా ఇచ్చారా? హారర్‌లో ఈ పాత అలవాట్లు తెలియకుండానే వచ్చేస్తాయి, వాటివల్ల నిజమైన మనుషులకు బాధ కలుగుతుంది. స్క్రిప్ట్ దశలోనే అడిగితే మార్చుకోవచ్చు. ఆలస్యంగా గమనించి ఉంటే దాచకుండా రాయండి, ఎలా మారుస్తారో కూడా చెప్పండి.

"ఇంకా టైమ్ ఉంటే బాగా చేసేవాళ్లం" అనే వాక్యం రాయకండి. దాంతో ఎవరికీ ఏమీ తెలియదు. "2:10 దగ్గర వైడ్ షాట్ ఇద్దరికి బోర్ కొట్టింది, వెనక తలుపు ఫ్రేములో లేకపోవడమే కారణం, మళ్లీ తీస్తే కెమెరాను మంచం వైపు నుంచి పెడతాను" అని రాయండి. టీమ్ పని అయితే మీరు చేసింది "నేను" అని, కలిసి చేసింది "మేము" అని విడదీసి రాయండి.

11. అప్పగించే ముందు

ఫిల్మ్‌ను ఎండకాసే గదిలో, ప్రొజెక్టర్ మీద, ఫోన్‌లో, మూడు చోట్లా చూడండి. చీకటి గదిలో కలర్ దిద్దిన సీన్లు వెలుతురున్న క్లాసులో నల్లటి తెరలా మిగిలిపోతాయి. ముఖం గుర్తుపట్టలేకపోతే నీడలను కాస్త పైకి లేపండి.

ఎక్స్‌పోర్ట్ ఎంపీ4, 1080పీ అయితే దాదాపు ఎక్కడైనా ఆడుతుంది. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌నే మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూడండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని టైమ్‌లైన్‌ను కాదు. ఫైళ్లు మూడు కాపీలు ఉంచుకోండి, అందులో ఒకటి వేరే ఇంట్లో లేదా ఆన్‌లైన్‌లో. నిడివి, పదాల పరిమితి, ఫైల్ పేరు మీ కోర్సు చెప్పినట్టే ఉన్నాయో లేదో గైడ్‌లైన్స్ కాగితం ఎదురుగా పెట్టుకుని ఒక్కొక్కటే టిక్ చేయండి. నోట్‌బుక్‌లోని పేజీలు కూడా స్కాన్ చేసి జత చేయవచ్చేమో మీ టీచర్‌ను అడగండి.